ఉర్లగడ్డ తప్పా, బంగాళాదుంప ఒప్పా?

కొంచెం పొడుగు రాత. తీరిక ఉన్నప్పుడు చదవండి.

శనగపప్పు పొట్లం కొన్నప్పుడు ఎప్పుడైనా తిప్పి చదివారా? ఇంగ్లీషులో 'బెంగాల్ గ్రామ్' అని ఉంటుంది. మన కోస్తా చుట్టాలు బంగాళం పేరు తగిలించింది దుంపకి. ఇంగ్లీషువాళ్లేమో అదే బంగాళాన్ని తెచ్చి శనగలకి తగిలించారు. ఆ దుంప పుట్టింది దక్షిణ అమెరికా కొండల్లో. ఆ శనగ మొదట సాగయింది టర్కీ, సిరియా పక్క. అంటే బంగాళానికి రెండూ సొంతం కావు, పేర్లు మాత్రం రెంటికీ దానివే.

ఇంకో వేడుక చూడండి. అదే పొట్లం మీద '500 గ్రాములు' అని కూడా ఉంటుంది. బెంగాల్ 'గ్రామ్', 500 'గ్రాములు'. పలకడానికి ఒకటే, పుట్టుక వేరు. తూకం గ్రాము గ్రీకు మాట నుంచి వచ్చింది. పప్పు గ్రామ్ పోర్చుగీసువాళ్ల మాట. వాళ్ల భాషలో గింజని 'గ్రావ్' లాంటి ఉచ్చారణతో అంటారు. వాళ్లు మన రేవుల్లో శనగల్ని చూసి 'గింజ' అన్నారు. వాళ్ల తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్లు ఆ మాటనే పట్టుకుని, కనబడ్డ ప్రతి పప్పుధాన్యానికీ ముందు ఒక రంగు పెట్టి పేరు చేసేశారు. కందులు ఎర్ర గ్రామ్, పెసలు పచ్చ గ్రామ్, మినుములు నల్ల గ్రామ్. ఉలవలు గుర్రాలకి పెట్టేవాళ్లు కాబట్టి గుర్రపు గ్రామ్. ఉలవచారు పోసుకుని వెన్న వేసుకుని తినేవాళ్లని అడిగి ఉంటే ఆ పేరు పెట్టనిచ్చేవాళ్లు కారు.

పొట్లాలు చదవడం అలవాటైతే ఇట్లాంటివి ఇంకా దొరుకుతాయి. ఇంగువ డబ్బా తీసుకోండి. పప్పులో వేసే చిటికెడు పొడి అంతా ఇంగువే అనుకుంటాం. డబ్బా మీద 'కాంపౌండెడ్' అన్న మాట ఉంటుంది, కింద దినుసుల జాబితాలో తినే బంక, మైదానో గోధుమపిండో, బియ్యప్పిండో కనిపిస్తాయి. మన దేశపు రూల్ ప్రకారం ఏ దినుసు బరువు ఎక్కువో అది ముందు రాయాలి. కాబట్టి ఇంగువ పేరు జాబితాలో ఎక్కడుందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు. అసలు ఇంగువ బంక అంత ఘాటుగా ఉంటుంది, పిండిలో కలపకుండా వాడుకోవడం కష్టం. గోధుమ పడనివాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఆ జాబితా చదివే కొనాలి, బియ్యప్పిండితో చేసినవీ దొరుకుతాయి. ఇక ఆ మొక్క మన పొలాల్లో పెరిగింది కాదు. ఇరాన్, అఫ్గానిస్తాన్ పక్క నుంచి వేల ఏళ్లుగా వస్తోంది. హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు మొదటి మొక్క నాటింది 2020 అక్టోబరులో. అంతకాలం పరాయి సరుకుగానే ఉన్నా పరాయి పేరు మాత్రం తగల్లేదు దానికి. మనకి ఇంగువ, కన్నడంలో ఇంగు, మరాఠీలో హింగ్, ఒడియాలో హెంగు, తమిళులకి పెరుంగాయం. సీమ ఇంగువ అనో, విలాయతీ ఇంగువ అనో ఎవరూ అనలేదు. చాలా పాతకాలంలో వచ్చినవి ఇంటి మనుషులైపోయాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

కొత్తగా వచ్చినవాటి కథ వేరు. పోర్చుగీసు ఓడలు 1498లో కేరళ తీరానికి వచ్చాయి, 1510లో గోవా వాళ్ల చేతికి పోయింది. అమెరికా ఖండాల నుంచి వాళ్లూ స్పెయిన్‌వాళ్లూ మోసుకొచ్చిన సరుకే ఈరోజు మన వంటింట్లో సగం. మిరప, ఆలూ, టమాటా, వేరుశనగ, జీడిమామిడి, బొప్పాయి, జామ, మొక్కజొన్న, అనాస, సీతాఫలం. వీటిల్లో ఒక్కటీ శ్రీనాథుడి నోటికి అందలేదు. ఆయన 14-15 శతాబ్దాల మనిషి. పల్నాటి జొన్నకూడు గురించి ఆయన పడ్డ బాధ అందరికీ తెలిసిందే. ఈరోజు గుంటూరు, పల్నాడు అంటే ముందు మిరపకాయే గుర్తొస్తుంది కదా, ఆయన తిన్న కూరల్లో కారమంటే మిరియాలదే.

మిరపకాయ అన్న మాటలోనే ఆ సంగతి దాక్కుని ఉంది. మిరియపు కాయ, మిరపకాయ. కాయ కొత్తది, కారం పాతది, అందుకని మిరియం పేరు కాయకి ఇచ్చేశారు. ఇది మనమొక్కళ్లం చేసిన పని కాదు. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు మిరియం, మెణసినకాయి మిరపకాయ. మరాఠీలో మిరీ, మిర్చీ. ఒడియావాళ్లు మరిచ అనే పాత మాటకి ముందు లంక చేర్చి లంకా మరిచ అన్నారు, ఇప్పుడు ఉత్త లంక అంటే చాలు, మిరపకాయ ఇస్తారు. బరంపురంలో కాపురముండే మన తెలుగింటికి గోదావరి లంకల నుంచి చుట్టం వస్తే, ఆ లంక ఒకటి, ఈ లంక ఒకటి! అయిదు భాషలవాళ్లూ ఎవరినీ అడక్కుండా ఒకే ఆలోచన చేశారు. కొలంబస్ కూడా అంతే. మిరియాల కోసం బయల్దేరి మిరపకాయలు చూసి, మిరియమనే పేరే దానికీ పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో ఈనాటికీ రెండూ 'పెప్పరే'.

మిరపకి చుట్టరికం కలిపినట్టే జీడిమామిడికీ కలిపారు. మన అడవుల్లో జీడిచెట్టు ముందే ఉంది. చాకలివాళ్లు బట్టలకి గుర్తులు పెట్టే జీడిగింజ దానిదే, రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. కొత్తగా వచ్చిన గింజ తొక్కలోనూ అట్లాంటి పాడు రసమే, చెట్టు చూస్తే మామిడికి చుట్టంలా ఉంది. జీడి, మామిడి, రెండూ కలిపి జీడిమామిడి అన్నారు. తర్వాత వృక్షశాస్త్రం వచ్చి ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో వేసింది. మనవాళ్లు చదువు లేకుండానే సరిగ్గా వేశారు. నాకు మటుకు ఇంత మంచి పేరు మరో దానికి కనబడలేదు.

చుట్టరికం కుదరనప్పుడు ఊరి పేరు కట్టారు. ఆ ఊరు ఎప్పుడూ సరకు పుట్టిన ఊరు కాదు. చివరిసారి ఎక్కడ నుంచి చేతికొచ్చిందో ఆ ఊరు. సీమచింతకాయ చూడండి. సీమ అంటే దొరల దేశం. ఆ చెట్టు పుట్టింది మెక్సికో పక్క. స్పెయిన్‌వాళ్లు దాన్ని మనీలాకి తెచ్చారు, అందుకని ఇంగ్లీషులో 'మనీలా టామరిండ్'. మరాఠీలో విలాయతీ చించ్. కన్నడంలో సీమె హుణసె. ఎవరి దిక్కు వాళ్లు చూపించారు గానీ మెక్సికో అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అసలు ఆ 'టామరిండ్' అన్న మాటేమిటి? అరబ్బుల 'తమ్ర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం. వాళ్లకి చింతపండు మన రేవుల నుంచి వెళ్లింది, అందుకని మన పేరు. ఆ చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు వృక్షశాస్త్రం వాళ్లు. మనం ఇతరులకి అంటించినట్టే మన పేరునీ ఇతరులు అంటించుకుపోయారన్నమాట.

వేరుశనగ ఇంకా తమాషా. కోస్తాలో వేరుశనగ, రాయలసీమలో శనక్కాయలు, తెలంగాణలో పల్లీలు. తమిళనాట కొన్నిచోట్ల మనీలా కొట్టై, అంటే మనీలా గింజ. ఒడియాలో చీనాబాదం. ఒకే గింజకి ఒకచోట ఫిలిప్పీన్స్, ఒకచోట చైనా. పుట్టిందేమో దక్షిణ అమెరికా. 'పరంగి' అన్న మాట చూడండి, ఫిరంగీ నుంచి వచ్చింది. అది కన్నడంలో బొప్పాయి మీద పడింది, పరంగి హణ్ణు. తమిళంలో గుమ్మడి మీద పడింది, పరంగిక్కాయ్. హోసూరు సంతలో కన్నడం మాట్లాడే ఆవిడ పరంగి అడిగితే, తమిళం మాట్లాడే అమ్మేవాడు గుమ్మడికాయ చేతికిస్తే ఇద్దరిదీ తప్పు కాదు. టమాటాకి ఒడియాలో బిలాతీ బైగణ అని పేరు, అంటే దొరల వంకాయ. ఆ బిలాతీ, మరాఠీ విలాయతీ ఒకటే మాట. అదే మాటని ఇండియాలో పనిచేసిన ఇంగ్లీషు సిపాయిలు తమ ఇంటి దేశానికి ముద్దుపేరుగా పెట్టుకుని 'బ్లైటీ' అని పిలుచుకున్నారు.

మన దేశంలో ఊళ్ల పేర్లకీ ఇదే గతి. బెంగళూరు వంకాయ కావాలని బెంగళూరులో అడిగి చూడండి, వాళ్లకది సీమె బదనెకాయి. అదీ మెక్సికోదే. మనం మైసూర్ బజ్జీ అంటాం, కన్నడనాట దాన్నే గోళీబజె అనో మంగళూరు బజ్జి అనో అంటారు. బొంబాయి రవ్వ ముంబయిలో ఉత్త రవ్వే. వీటన్నిటికన్నా నాకిష్టమైనది మైసూర్ పప్పు. మైసూరుకీ ఆ పప్పుకీ ఏ సంబంధమూ లేదు. సంస్కృతంలో మసూర, హిందీలో మసూర్. ఆ మాట దక్షిణానికి దిగేసరికి మన చెవికి తెలిసిన ఊరు మైసూరు కాబట్టి మైసూర్ పప్పైంది. తమిళులూ మైసూర్ పరుప్పు అనే అంటారు. మైసూరువాళ్లకేమో అది మసూర్ బేళె లేకపోతే చెన్నంగి బేళె. పొట్లం మీద ఇంగ్లీషులో 'మసూర్ దాల్' అని చూసి, ఇది కాదు మైసూర్ పప్పు కావాలని వెనక్కి ఇచ్చేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇదంతా ఎందుకు పోగేశానంటే, మన పిల్లల ఆదివారం తెలుగు తరగతికి కూరగాయల బొమ్మల పటం వేయిస్తున్నాం కదా. అందులో ఆ గుండ్రటి దుంప బొమ్మ కింద ఏం రాయాలన్నది తేలలేదు. పాఠ్యపుస్తకంలో బంగాళాదుంప ఉంది, అదే రాయాలని కొందరు. మన ఇళ్లలో పిల్లలు వినేది ఉర్లగడ్డ. 'అది అరవం, పిల్లలకి తప్పు నేర్పకూడదు' అన్నారు. ఒక అమ్మాయి తరగతిలో ఉర్లగడ్డ అంటే తప్పని దిద్దారట. ఇంటికి పోయి వాళ్ల అవ్వతో 'నీకు తెలుగు రాదు' అందట. ఆ అవ్వ పుట్టినప్పటి నుంచీ తెలుగు తప్ప ఇంట్లో మరో మాట ఆడలేదు. పిల్లకి ఆవిడ కన్నా మంచి తెలుగు పంతులమ్మ దొరకదు. అట్లాంటిది ఒక్క దుంప కోసం ఆవిడ నోరు మూయించాం.

ఉర్లగడ్డలో అరవం ఉంది, కాదనను. తమిళంలో ఉరుళైక్కిళంగు. ఉరుళ్ అంటే దొర్లడం, గుండ్రంగా దొర్లే దుంప. కన్నడంలోనూ గుళ్లలో చేసే పొర్లుదండాలని ఉరుళు సేవ అంటారు, అదే మాట. కానీ రెండో సగం చూడండి, గడ్డ. కిళంగు కాదు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉల్లిగడ్డ అన్నప్పటి గడ్డ, నిఖార్సైన మన మాట. కాబట్టి అరవం మాట ఎత్తుకొచ్చి తెలుగు మాటకి పెళ్లి చేశారు. ఈ మాట రాష్ట్రం దాటి వచ్చిన మనది మాత్రమే కూడా కాదు, చిత్తూరు, అనంతపురం పక్క మొన్నమొన్నటి దాకా ఇదే.

మరి బంగాళాదుంప మాత్రం ఎంత మడి కట్టుకుంది? ముందు సగం బంగాళం. తూర్పుతీరం వెంబడి కలకత్తాకి ఓడలు నడిచిన రోజుల్లో, కోరంగి, యానాం, కాకినాడ రేవులున్న పక్కన ఆ పేరు పుట్టడం సహజం. తెలంగాణలో ఆలుగడ్డ. బళ్లారి, బెంగళూరుల్లో మనవాళ్లూ అదే అంటారు, కన్నడంలో ఆలూగడ్డె కాబట్టి. ఆలు పాత సంస్కృతపు 'ఆలుక' నుంచి వచ్చింది, అది ఏదో పాత దుంపకి పేరు. ఆలూబుఖారాలోని ఆలూ వేరే, పారసీలో రేగు లాంటి పండు, దీనికీ దానికీ సంబంధం లేదు. సోలాపురం, ముంబయిల్లో మరాఠీవాళ్ల బటాటా ఉంది, అది పోర్చుగీసు. వాళ్లకది కరీబియన్ దీవులవాళ్లు చిలగడదుంపకి వాడిన మాట నుంచి అందింది. అమెరికా నుంచి నడిచొచ్చిన దుంపకి అచ్చతెలుగు పేరు ఏ జిల్లాలోనూ లేదు. ఏది రాసినా సగం అరువే.

అయితే నాకు ఇంతకన్నా గట్టి మాట ఇంకోటి తోచింది. మీ ఇంటి పెద్దవాళ్లు కూరగాయల పేర్లు ఏవేవి తెలుగులో అంటారో, ఏవేవి ఊరి భాషలో అంటారో ఒకసారి వరసగా రాసుకోండి. మధురై, కోయంబత్తూరు పక్క ఉన్న మన కుటుంబాలు చాలావరకు విజయనగరం రోజుల్లో, మధుర నాయక రాజుల కాలంలో వెళ్లినవి. అంటే 400, 500 ఏళ్లు. అన్నేళ్లయినా ఇళ్లలో వంకాయ వంకాయే, కత్తిరిక్కాయ్ కాలేదు. బీరకాయ, కాకరకాయ, గుమ్మడికాయ, చింతపండు, కందిపప్పు, ఉలవలు, నువ్వులు నిలిచాయి. ఊరి భాషలో పోయినవి ఏవి? ఉర్లగడ్డ. టమాటాకి తక్కాళి. జామకి కొయ్యా, అది మళ్లీ పోర్చుగీసు గొయాబా. అన్నీ అమెరికా సరుకే!

దీన్నిబట్టి వాళ్లు బంగాళాదుంప అన్న మాట మరిచిపోయి ఉర్లగడ్డ అనలేదు. వాళ్లు బయల్దేరినప్పుడు మూటలో ఆ మాటే లేదు. దుంపే ఇంకా రాలేదు. అది వచ్చేసరికి వాళ్లు మధురలో ఉన్నారు, మధుర సంతలో విన్న పేరు పెట్టుకున్నారు. రాజమండ్రివాళ్లు వాళ్ల రేవులో విన్న పేరు పెట్టుకున్నారు. రెండు కుటుంబాలూ చేసింది ఒకటే పని. తెచ్చుకున్న మాటలు ఏవీ పారేయలేదనడానికి వంకాయే సాక్ష్యం.

ఇక హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి, పర్లాకిమిడి పక్కవాళ్ల సంగతి అది కూడా కాదు. వాళ్లలో చాలామంది ఎక్కడికీ వెళ్లలేదు, ఉన్నచోటే ఉన్నారు, గీతలు కదిలాయి. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది, బరంపురం, పర్లాకిమిడి మద్రాసు నుంచి అటు పోయాయి. బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసింది, ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజే. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లదే. పక్కింటి భాష మాటలు వంటింట్లోకి రావడానికి వాళ్లకి ఏ వలసా అక్కర్లేదు, గోడ చాలు.

మనకీ జనం పేర్లు అంటించారు సుమండీ. పోర్చుగీసువాళ్ల మాట పట్టుకుని ఇంగ్లీషువాళ్లు తెలుగుని చాలాకాలం 'జెంటూ' అన్నారు. వాళ్ల మతం కానివాళ్లు అని దానర్థం, పప్పుకి 'గింజ' అని పేరు పెట్టినట్టే. తమిళంలో వడుగర్, ఉత్తరాదివాళ్లు. రంగూన్‌లో మనవాళ్లు ఏ ఊరివాళ్లైనా 'కోరంగీలే', ఓడ ఎక్కిన రేవు కోరంగి కాబట్టి. విశాఖవాడైనా, శ్రీకాకుళంవాడైనా అదే పేరు. బంగాళాదుంపకి జరిగిందే మనిషికీ జరిగింది.

పటం గురించి నా మాట ఇది. బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో ఇంటి పేరు, పక్కన పుస్తకం పేరు, రెండూ తెలుగు లిపిలో. మదురై శాఖవాళ్లు ఉర్లగడ్డ, బంగాళాదుంప అని వేసుకుంటారు. బళ్లారివాళ్లు ఆలుగడ్డ, బంగాళాదుంప. పిల్లలు పరీక్షలో పుస్తకం మాట రాస్తారు, అవ్వతో అవ్వ మాట మాట్లాడతారు. రెండు పేర్లు గుర్తుపెట్టుకోవడం ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే మన పిల్లలకి బరువే కాదు.

ఇంకొకటి. మన సంఘంలో పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేసి అమ్ముతున్న అక్కలు చాలామంది ఉన్నారు. పొట్లం మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి హిందీలో గానీ ఉండాలని రూల్. వాటితోపాటు మరో భాష వేసుకోవడానికి అడ్డేమీ లేదు. దినుసులు రూల్ ప్రకారం వేసి, పైన పేరు మాత్రం మీ ఇంట్లో అనే మాటే తెలుగులో అచ్చు వేయండి. శనక్కాయల పొడి అంటే శనక్కాయల పొడి, పల్లీల పొడి అంటే పల్లీల పొడి. అక్షరాలు దిద్దిపెట్టడానికి ఆదివారం తరగతి పెద్దపిల్లలు ముగ్గురు ముందుకొచ్చారు. పొట్లం నమూనా ఈ నెలాఖరులోగా పంపితే పటంతో పాటే చూసి ఇచ్చేస్తారు.